కణితి దగ్గరే మందు తయారైతే: ఎంజైములను అనుకరించే లోహ ఉత్ప్రేరకాలు

క్యాన్సర్ మందుల చరిత్రలో 5-ఫ్లూరోయురాసిల్‌ది పాత పేరు. 1957లో చార్లెస్ హైడెల్‌బర్గర్, ఆయన సహచరులు ప్రకటించిన ఈ చిన్న అణువును పెద్దపేగు, జీర్ణాశయం, రొమ్ము క్యాన్సర్లలో ఇప్పటికీ వాడుతున్నారు. అది ఆర్ఎన్ఏలో ఉండే యురాసిల్‌ను పోలి ఉంటుంది. ఒక హైడ్రోజన్ ఉండవలసిన చోట ఫ్లోరిన్ ఉండటమే తేడా. కణం దాన్ని తన సరుకే అనుకుని లోపలికి తీసుకుంటుంది, చక్కెరను, ఫాస్ఫేటును జోడించి తనకు అలవాటైన రూపంలోకి మారుస్తుంది. ఆ రూపం థైమిడిలేట్ సింథేజ్ అనే ఎంజైమును పట్టుకుని వదలదు. డీఎన్ఏ తయారీకి కావలసిన ముడిసరుకు ఆగిపోయి, విభజనకు సిద్ధమైన కణం చనిపోతుంది. అయితే త్వరత్వరగా విభజన చెందే కణాలు కణితిలో మాత్రమే ఉండవు. ఎముక మజ్జలోనూ పేగు లోపలి పొరలోనూ నోటి పొరలోనూ అవే ఉంటాయి. కీమోథెరపీ తీసుకునేవారికి నోటిపూత, విరేచనాలు, తెల్లరక్తకణాలు పడిపోవడం వంటి బాధలు అందువల్లనే వస్తాయి. మందుకు బలం చాలకపోవడం కాదు సమస్య. ఆ బలం కణితికే పరిమితం కాకపోవడం వల్ల మోతాదు తగ్గించవలసి వస్తుంది.

ఈ చిక్కుకు వైద్యరసాయనం చాలాకాలంగా ఇస్తున్న జవాబు ప్రోడ్రగ్. శరీరంలోకి వెళ్లేటప్పుడు నిద్రాణంగా ఉండి, తగిన చోట ఏదో ఒక రసాయన చర్య జరిగాక మాత్రమే అసలు మందుగా మారే పదార్థాన్ని ఆ పేరుతో పిలుస్తారు. మాత్రల రూపంలో వాడే కాపెసిటాబిన్ అటువంటిదే. కాలేయంలో కార్బాక్సిలెస్టరేజ్, ఆ తరువాత సిటిడిన్ డీఅమినేజ్, చివరగా థైమిడిన్ ఫాస్ఫోరిలేజ్ అనే ఎంజైములు వరుసగా దాన్ని మార్చి 5-ఫ్లూరోయురాసిల్‌ను విడుదల చేస్తాయి. మూడవ ఎంజైము చాలా కణితుల్లో ఎక్కువగా ఉండటం ఈ ఉపాయానికి ఆధారం. ఇరినోటెకాన్ అనే మరో క్యాన్సర్ మందు కూడా ఇలాగే ఎంజైము చేతిలో పడి, తనకంటే ఎన్నో రెట్లు శక్తిమంతమైన ఎస్ఎన్-38గా మారుతుంది. కానీ ఈ ఎంజైములేవీ మనం పెట్టినవి కావు. అవి ఎక్కడెక్కడ ఎంత మేరకు ఉండాలో శరీరం ఎప్పుడో నిర్ణయించుకుంది. కాపెసిటాబిన్ వాడినవారిలో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొట్టు లేచిపోవడం, ఇరినోటెకాన్‌తో తీవ్రమైన విరేచనాలు కలగడం ఈ పరిమితికి సాక్ష్యాలు.

అయితే ఎంజైమును కూడా మనమే కణితి దగ్గరకు చేరిస్తే ఎలా ఉంటుంది? 1987లో కెన్నెత్ బాగ్‌షా ప్రతిపాదించిన పద్ధతి సరిగ్గా ఇదే. క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టే యాంటీబాడీకి ఒక బాక్టీరియా ఎంజైమును అతికించి ముందుగా ఎక్కిస్తారు. రక్తంలో మిగిలినది తొలగిపోయాక ప్రోడ్రగ్ ఇస్తారు. ఆ పనికి ఎంచుకున్న కార్బాక్సిపెప్టిడేజ్ జి2 మనకు మరో దారిలో పరిచయమున్న ఎంజైమే. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లే ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధాల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఆ అణువు చివరనున్న గ్లుటమేట్ అనే భాగాన్ని ఈ ఎంజైము కత్తిరించి వేస్తుంది. మెథోట్రెక్సేట్ రక్తంలో ప్రమాదకరంగా పేరుకుపోయినప్పుడు విరుగుడుగా ఇదే ఎంజైమును గ్లూకార్పిడేజ్ పేరుతో వాడటానికి 2012లో అమెరికాలో అనుమతి లభించింది. ఒక మందును ఆర్పివేసే కత్తెర, అదే గ్లుటమేట్‌ను ముడిగా వేసిన మరో మందును మేల్కొలపగలదన్నది బాగ్‌షా ఆలోచనలోని అందం. రోగులపై జరిపిన పరీక్షల్లో మాత్రం శరీరం ఆ బాక్టీరియా ప్రోటీనును పరాయిదిగా గుర్తించి దానికి ప్రతిరక్షకాలను తయారు చేసుకుంది. దానివల్ల చికిత్సను మళ్లీమళ్లీ ఇవ్వడం కష్టమైంది.

లోహ ఉత్ప్రేరకాల కథ మొదలయ్యేది ఇక్కడే. ప్రోటీను రోగనిరోధక వ్యవస్థ కంట పడుతోంది కనుక, అదే పనిని ఒక చిన్న లోహ సంయోగపదార్థం చేయగలిగితే ప్రోటీను అవసరమే ఉండదు. ఈ ఆలోచన వింతదేమీ కాదు, ఎందుకంటే ప్రకృతిలోని ఎంజైముల్లోనూ చాలావాటికి పనిముట్టు లోహమే. కార్బానిక్ అన్‌హైడ్రేజ్‌లో జింకు, కాటలేజ్‌లో ఇనుము, కాలేయంలో మందులను విరగ్గొట్టే సైటోక్రోమ్ పి450లలోనూ ఇనుమే ఉంటాయి. కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అణువు ఒక్కటి సెకనుకు దాదాపు పది లక్షల కార్బన్ డయాక్సైడ్ అణువులను మార్చగలదు. పరిశోధకులు శరీరంలో ఇప్పటికే ఉన్న ఈ లోహాలను కాకుండా పల్లాడియం, రుథేనియం, బంగారం వంటి పరాయి లోహాలను ఎంచుకున్నారు. జీవకణాల్లోని ఏ ఎంజైమూ తెంచలేని బంధాన్ని ప్రోడ్రగ్‌లో ముడిగా వేసి, దాన్ని ఈ పరాయి లోహం మాత్రమే విప్పగలిగేలా చేస్తే, కాలేయం, పేగు తమంతట తామే ఆ మందును మేల్కొలపలేవు. జీవరసాయన చర్యలతో తగవు పెట్టుకోకుండా వాటి మధ్యనే జరిగే ఇటువంటి చర్యలకు కారొలిన్ బెర్టోజీ బయోఆర్థోగోనల్ అని పేరు పెట్టారు. ఆ కృషికి 2022లో మోర్టెన్ మెల్డల్, బ్యారీ షార్ప్‌లెస్‌లతో పాటు ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

2006లో ఎరిక్ మెగ్గర్స్ బృందం ఒక రుథేనియం సంయోగపదార్థాన్ని హీలా కణాల్లో, అంటే ప్రయోగశాలల్లో పెంచే సజీవ మానవ క్యాన్సర్ కణాల్లో ప్రయోగించింది. రోడమిన్ అనే వెలుగునిచ్చే రంగుపదార్థానికి అల్లైల్ కార్బమేట్ ముసుగు తొడిగితే అది వెలగదు. రుథేనియం ఆ ముసుగును తొలగించినప్పుడు కణం లోపల వెలుగు కనిపించింది. జీవకణంలోని నీరు, ఆక్సిజన్, వందలాది పదార్థాల మధ్య ఒక లోహ ఉత్ప్రేరకం పని చేయగలదని ఇది చూపింది. అయితే ఆ చర్యకు థయోఫీనాల్ అనే విషపదార్థం తోడు కావలసి వచ్చింది. వెలిగే రంగుల నుంచి మందుల దాకా రావడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2014 నాటికి అదే బృందం మెరుగైన రుథేనియం ఉత్ప్రేరకంతో డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందును దాని ముసుగు నుంచి హీలా కణాల్లో విడుదల చేసింది.

పల్లాడియం దారి ఎడిన్‌బరో నుంచి వచ్చింది. అక్కడ మార్క్ బ్రాడ్లీ, ఆసియర్ ఉన్సితి-బ్రోసెటా తదితరులు 2011లో పల్లాడియం నానోకణాలను పాలిస్టైరీన్ గోళాల్లో బంధించి కణాల లోపలికి పంపారు. ఆ తరువాత 2014లో ఉన్సితి-బ్రోసెటా బృందం 5-ఫ్లూరోయురాసిల్‌కు ముసుగు తొడిగిన తీరు ఈ రంగంలోని ఆలోచనా విధానాన్ని స్పష్టంగా చూపుతుంది. మందు అణువులో చక్కెర అతుక్కునే చోటు మొదటి నైట్రోజన్. సరిగ్గా ఆ నైట్రోజన్‌కే ప్రొపార్గైల్ అనే చిన్న సమూహాన్ని జోడించారు. ఇక చక్కెర అతుక్కోలేదు. అది అతుక్కోకపోతే కణాన్ని చంపే రూపం తయారు కాదు. నైట్రోజన్‌కు, కార్బన్‌కు మధ్యనున్న ఆ బంధం ఎస్టర్ బంధంలాంటిది కాదు కనుక, రక్తంలోనూ కాలేయంలోనూ తిరిగే ఎస్టరేజ్‌లకు, అంటే ఎస్టర్ బంధాన్ని తెంచే ఎంజైములకు, అది చిక్కదు. ప్రొపార్గైల్‌లో కార్బన్ల మధ్య మూడు బంధాలున్న భాగాన్ని పల్లాడియం పట్టుకుని నీటి దాడికి అనువుగా మలుస్తుంది. ఫలితంగా ముసుగు ఊడిపోయి అసలు మందు మిగులుతుంది. కణాల కంటే పెద్దవైన రెసిన్ పూసల్లో పల్లాడియాన్ని బిగించడం మరో ముఖ్యమైన ఎంపిక. పూస కణంలోకి దూరదు, బయటే ఉండి మందును తయారు చేస్తుంది. తయారైన మందు చుట్టుపక్కల కణాల్లోకి దానంతట అదే ప్రవేశిస్తుంది. ఉత్ప్రేరకం ప్రతి క్యాన్సర్ కణంలోకీ వెళ్లవలసిన అవసరం లేకపోవడం చిన్న ప్రయోజనం కాదు.

మందుల పరిశ్రమ సంగతి తెలిసినవారికి ఈ ఆలోచన మొదట కాస్త తడబాటు కలిగిస్తుంది. హైదరాబాదు చుట్టుపక్కల బల్క్‌డ్రగ్ కర్మాగారాల్లో పల్లాడియం ఉత్ప్రేరకాలను వాడే చర్యలు ఎన్నో జరుగుతాయి. ఆ తరువాత మందులో పల్లాడియం జాడ మిగలకుండా తీసివేయడానికి యాక్టివేటెడ్ కార్బన్, లోహాన్ని పట్టే ప్రత్యేక రెసిన్లు వాడి, మిగిలినదాన్ని మిలియన్‌లో ఇన్ని భాగాలని లెక్కగట్టి చూపాలి. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం నోటి ద్వారా తీసుకునే మందులో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములకు, ఇంజెక్షన్‌లో 10 మైక్రోగ్రాములకు మించకూడదు. మలినంగా ఇంత జాగ్రత్తతో తొలగించే లోహాన్నే ఇక్కడ ఉద్దేశపూర్వకంగా శరీరంలో పెట్టడం గురించి మాట్లాడుతున్నాం. దీన్ని వైరుధ్యమని కొట్టిపారేయడం సరికాదు. సిస్‌ప్లాటిన్ అనే క్యాన్సర్ మందులో ఉన్న ప్లాటినమూ భారలోహమే, 1978 నుంచి వైద్యంలో ఉంది. కానీ ఆ 10 మైక్రోగ్రాముల అంకె ఉత్ప్రేరకం రూపకర్తల ముందు ఎప్పుడూ ఉండాలి, ఎందుకంటే లోహం ఎంత తక్కువ వాడితే ప్రతి లోహ అణువూ అంత ఎక్కువ సార్లు పని చేయవలసి ఉంటుంది.

అక్కడే మొదటి పెద్ద గోడ అడ్డు వస్తుంది. ప్రతి కణంలోనూ గ్లూటాథయోన్ అనే గంధకం గల పదార్థం ఉంటుంది. దాని గాఢత 1 నుంచి 10 మిల్లీమోలార్ వరకు. పల్లాడియానికీ రుథేనియానికీ బంగారానికీ గంధకమంటే విడువరాని ఆకర్షణ. కణంలో 10 మైక్రోమోలార్ ఉత్ప్రేరకం చేరిందనుకుంటే, 5 మిల్లీమోలార్ గ్లూటాథయోన్ ప్రతి లోహ అణువు చుట్టూ 500 అణువులుగా కాచుకుని ఉంటుంది. వీటికి తోడు ప్రోటీన్లలోని సిస్టీన్, హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాలు. ప్రయోగశాల గాజుపాత్రలో చక్కగా పని చేసిన సంయోగపదార్థం కణంలో కొద్ది సార్లు పని చేసి మూగబోవడం ఈ కారణంగానే. నిజమైన ఎంజైముతో పోలికే ఇక్కడ గుణపాఠం చెబుతుంది. ఎంజైములో పని చేసే లోహం బయటికి తెరచి ఉండదు. ప్రోటీను గొలుసు మడతల మధ్య ఒక గుంటలో దాగి ఉంటుంది. ఆ గుంటకు ఆకారం ఉంటుంది, ద్వారం ఉంటుంది, ఎవరిని రానివ్వాలో ఎవరిని ఆపాలో నిర్ణయించే స్వభావం ఉంటుంది. లోహాన్ని అనుకరించడం తేలిక, ఆ గుంటను అనుకరించడమే కష్టం. ఎంజైము అనుకరణ అన్న మాటను లోహ సంయోగపదార్థాలన్నింటికీ ధారాళంగా వాడేస్తున్నారు గానీ, ఈ గుంట లేని చోట ఆ పేరు కొంత అతిశయమేనని చెప్పక తప్పదు.

గుంటను నిజంగా కట్టడానికి చేసిన ప్రయత్నాలు రెండు రకాలు. మొదటిది పూర్తిగా కృత్రిమం. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో విన్సెంట్ రొటెల్లో బృందం 2015లో బంగారు నానోకణం ఉపరితలంపై సేంద్రియ గొలుసుల పొరను కట్టి, ఆ పొర లోపల నీరు ఇష్టపడని భాగంలో రుథేనియం, పల్లాడియం ఉత్ప్రేరకాలను దాచింది. గొలుసుల చివరలకు కుకుర్బిటూరిల్ అనే పీపా ఆకారపు అణువులు మూతలుగా తగులుకుంటాయి. మూత ఉన్నంతసేపు ఉత్ప్రేరకం దగ్గరకు ప్రోడ్రగ్ చేరలేదు. అడమంటేన్ అమీన్ అనే మరో అణువును చేర్చినప్పుడు కుకుర్బిటూరిల్ దాన్ని మరింత గట్టిగా పట్టుకుని గొలుసును వదిలేస్తుంది, ద్వారం తెరుచుకుంటుంది. ఇలా కణాల్లో 5-ఫ్లూరోయురాసిల్ ప్రోడ్రగ్‌ను కావలసినప్పుడు మేల్కొలపగలిగారు. ఎంజైములకు నియంత్రక అణువులు ఎలా ఉంటాయో, ఇక్కడా అటువంటి మీట ఒకటి ఏర్పడింది. లోహాన్ని కేవలం దాచడం కంటే ఇది ఎన్నో మెట్లు పైనున్న పని.

రెండవ రకం సగం ప్రకృతి, సగం కృత్రిమం. సిద్ధంగా ఉన్న ప్రోటీను గుంటలో పరాయి లోహాన్ని కూర్చోబెట్టడం దీని సారం. 1978లోనే జార్జ్ వైట్‌సైడ్స్ బృందం అవిడిన్ అనే ప్రోటీనులో, దానికి గట్టిగా అతుక్కునే బయోటిన్ అనే విటమిన్ సాయంతో రోడియంను నిలిపి చూపింది. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో థామస్ వార్డ్ బృందం అటువంటిదే అయిన స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీనుతో ఆ దారిని చాలా దూరం తీసుకెళ్లింది. మందుల విషయంలో ఎక్కువ ఆశ కలిగించేది జపాన్‌లోని రికెన్ సంస్థలో కత్సునోరి తనకా బృందం ఎంచుకున్న ప్రోటీను. అది మానవ సీరం ఆల్బుమిన్, మన రక్తంలో అన్నిటికంటే సమృద్ధిగా ఉన్న ప్రోటీను. దాని లోపల కొవ్వు ఆమ్లాలు, మందులు వచ్చి కూర్చునే జిడ్డు గుంట ఉంది. రుథేనియం ఉత్ప్రేరకాన్ని ఆ గుంటలో స్థిరపరిస్తే, నీటిని ఇష్టపడే గ్లూటాథయోన్ లోపలికి రావడానికి జంకుతుంది. జిడ్డు స్వభావం గల ప్రోడ్రగ్ మాత్రం సులువుగా వస్తుంది. ఆల్బుమిన్ పైభాగాన క్యాన్సర్ కణాలు గుర్తుపట్టే చక్కెర గొలుసులను అతికించి దానికి దిశను కూడా ఇచ్చారు. 2022లో ఈ బృందం ఎలుకల్లో ప్రోడ్రగ్‌ను మేల్కొలిపి కణితి పెరుగుదల తగ్గడాన్ని నివేదించింది. బాగ్‌షా ఎదుర్కొన్న ప్రతిరక్షకాల చిక్కును ఇక్కడ మనిషి సొంత ప్రోటీనుతోనే దాటాలన్న ఆలోచన దాగి ఉంది. చక్కెర గొలుసులు, లోహం చేరాక దాన్ని శరీరం ఇంకా తనదిగానే చూస్తుందా అన్నది పరీక్షించి తేల్చవలసిన ప్రశ్న.

గుంట సమస్య తీరినా స్థానం సమస్య మిగిలే ఉంటుంది, దానికి తగినంత ప్రాధాన్యం ఈ రంగంలో దక్కడం లేదు. టొరంటోలో వారెన్ చాన్ బృందం 2016లో అంతకుముందు పదేళ్ల నివేదికలను కూర్చి లెక్కగడితే, సిరలోకి ఎక్కించిన నానోకణాల్లో కణితికి చేరినది మధ్యస్థంగా 0.7 శాతమే అని తేలింది. మిగిలినదానిలో పెద్దభాగం కాలేయంలో, ప్లీహంలో చిక్కుకుంటుంది. మామూలు మందును మోసుకెళ్లే నానోకణానికి ఇది వృథా మాత్రమే. ఉత్ప్రేరకానికి ఇది అంతకంటే ప్రమాదకరం. మందు నింపిన నానోకణం తప్పు చోట చిక్కుకుంటే అందులో ఉన్నంత మందే విడుదలై ఆగిపోతుంది. ఉత్ప్రేరకం తప్పు చోట చిక్కుకుంటే, ప్రోడ్రగ్ అందినంతకాలం అక్కడే మందు తయారు చేస్తూ పోతుంది. అంటే ఉత్ప్రేరకం మందును పెంచుతున్నట్టే పొరపాటునూ పెంచుతుంది. కణితిలో మందు తయారైందని చూపే నివేదికలో కాలేయంలో ఎంత తయారైందో కూడా పక్కనే ఉండాలి. రెండో అంకె లేకుండా మొదటి అంకెకు చికిత్సాపరంగా విలువ కట్టలేం.

ఈ కోణంలో చూస్తే 2019లో స్పెయిన్‌లోని సారగోసా, ఎడిన్‌బరో పరిశోధకులు కలిసి చేసిన పనికి ప్రాముఖ్యం ఉంది. క్యాన్సర్ కణాలు విడిచే ఎక్సోసోమ్‌లు అనే సూక్ష్మ పొట్లాల్లోనే పల్లాడియాన్ని పలుచని రేకులుగా పెంచారు. ఎక్సోసోమ్‌లు తాము పుట్టిన రకం కణాల వైపే ఎక్కువగా మొగ్గు చూపుతాయి కనుక, పల్లాడియం కూడా ఆ కణాల్లోకే ఎక్కువగా చేరి, పానోబినోస్టాట్ అనే క్యాన్సర్ మందు ప్రోడ్రగ్‌ను అక్కడ మేల్కొలిపింది. దీనికంటే సూటిగా ఉన్న మార్గం శస్త్రచికిత్సలోనో సూదితోనో ఉత్ప్రేరకాన్ని కణితిలోనే నాటడం. ఉన్సితి-బ్రోసెటా సహచరులు 2017లో బంగారు నానోకణాలున్న సూక్ష్మపూసలను జీబ్రాఫిష్ మెదడులో అమర్చి అక్కడే ముసుగు విప్పే చర్య జరగడం చూపారు. నాటిన పూస కదలదు, కాలేయానికి కొట్టుకుపోదు, అవసరమైతే తిరిగి తీయవచ్చు కూడా. ప్రోడ్రగ్‌ను మాత్రం రోగికి ఎన్ని రోజులైనా ఎన్నిసార్లైనా ఇవ్వవచ్చు. దేహమంతా పాకిన క్యాన్సర్‌కు ఈ దారి పనికిరాదన్నది దీని స్పష్టమైన హద్దు.

ఇనుము ఆక్సైడ్ వంటి నానోకణాలే ఎంజైములుగా పని చేయడం మరో పాయ. 2007లో చైనాలో యాన్ షియున్ బృందం మాగ్నెటైట్ అనే ఇనుము ఆక్సైడ్ నానోకణాలకు పెరాక్సిడేజ్ స్వభావం, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో పని చేసే ఎంజైము స్వభావం, ఉందని చూపింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో గోవిందసామి ముగేశ్ బృందం 2014లో వనేడియం ఆక్సైడ్ నానోతీగలతో గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ను అనుకరించింది. కణితుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కాస్త ఎక్కువగా ఉండటాన్ని వాడుకుని ప్రోడ్రగ్‌ను విషంగా మార్చాలన్న ఆలోచన వీటి నుంచి వచ్చింది. కానీ పెరాక్సైడ్ ఆరోగ్యవంతమైన కణాల్లోనూ పుడుతుంది. కాపెసిటాబిన్ ఎదుర్కొన్న చిక్కే ఇక్కడా తిరిగి వస్తుంది.

ప్లాటినం గురించి చెప్పుకోకపోతే లోటు. 2020లో గొన్సాలో బెర్నార్డెస్ బృందం సిస్‌ప్లాటిన్ వంటి సంయోగపదార్థాలే కొన్ని ముసుగులను విప్పగలవని చూపింది. చాలామంది రోగులకు ప్లాటినం మందులు ఎలాగూ ఇస్తారు కనుక, అదే లోహంతో రెండో మందును మేల్కొలపడం ఆకర్షణీయమే. అయితే ఇక్కడ ప్లాటినం చాలావరకు ఒక్కో అణువుకు ఒక్కో ముసుగునే విప్పుతుంది. ఇది ఉత్ప్రేరణ కంటే బదలాయింపుకు దగ్గర. అయినా మానవ దేహంలో దాని నడవడిక దశాబ్దాలుగా తెలిసినది కావడం వల్ల ఆసుపత్రికి చేరే దారి దీనికే దగ్గర కావచ్చు.

లోహం ఎక్కడికి పోతుందన్నది చివరి ప్రశ్న. సుమారు 5.5 నానోమీటర్ల కంటే చిన్న నానోకణాలు మూత్రపిండాల గుండా బయటికి పోగలవు. అంతకంటే పెద్దవి నెలల తరబడి కాలేయంలో ఉండిపోవచ్చు. చికిత్స ముగిశాక కూడా ఉత్ప్రేరకం బ్రతికే ఉంటే, అదే ముడి ఉన్న మరే మందు ఇచ్చినా అది తప్పు చోట మేలుకుంటుంది. ప్రస్తుతానికి ఈ లోహ ఉత్ప్రేరకాల్లో ఏదీ రోగులకు వాడే మందుగా అనుమతి పొందలేదు. మొదట అనుమతి పొందేది ఎక్కడ అని అడిగితే, శస్త్రచికిత్సలో తొలగించగా అంచున కొంత మిగిలిపోయిన కణితి దగ్గర, మెదడులోనో ప్రోస్టేట్‌లోనో, నాటి తిరిగి తీయగలిగే పల్లాడియం లేదా బంగారు పూస అని జవాబు చెప్పడానికి తగినన్ని ఆధారాలున్నాయి. అక్కడ లోహం బరువు ముందే తూచి ఉంటుంది, దాని చోటు స్కానులో కనిపిస్తుంది, ప్రోడ్రగ్ ఆపేసిన రోజే మందు తయారీ ఆగిపోతుంది.